మూత లేని బీకరు గారికి

మహారాజశ్రీ బీకరు గారికి, త్రాసు తరఫున ఒక శ్రేయోభిలాషి రాసుకునే విన్నపం.

ఇక్కడ అంతా క్షేమం. చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశి మారదన్నది ద్రవ్య నిత్యత్వ నియమం; వంటసోడా, వెనిగర్ చర్య సమీకరణంలో ఎడమ వైపు 144 గ్రాములు, కుడి వైపు 144 గ్రాములు. ఎవరికీ ఏ లోటూ లేదు. లెక్క తేడా వస్తున్నది తమరి దగ్గరే. పోనీ ఎప్పుడో ఒకసారి అంటే సర్దుకుపోయేవాళ్లం. వంటసోడా, వెనిగర్ కలిపిన ప్రతిసారీ వస్తోంది.

తమరి మీద నాకు వ్యక్తిగతంగా కోపమేమీ లేదు. గాజు శుభ్రంగా ఉంటుంది, పక్కన కొలత గీతలుంటాయి, పోసుకోవడానికి ముక్కు కూడా ఉంది. లేనిదల్లా మూత. ఆ ఒక్కటీ లేకపోవడం వల్ల ఎంతమంది పిల్లలు "బరువు తగ్గింది" అని రికార్డులో రాసి, పక్కవాడి రికార్డు చూసి, కొట్టేసి, "బరువులో మార్పు లేదు, కావున ద్రవ్య నిత్యత్వ నియమం నిరూపించబడింది" అని దిద్దుకున్నారో తమరికి తెలుసా? చూసింది ఒకటి, రాసింది ఇంకొకటి. పైగా ఆ అబద్ధానికి పదికి పది మార్కులు. కొట్టేసిన మొదటి వాక్యమే నిజం కదా, తగ్గింది ఎందుకో అడుగుదామని ఎవరికీ తోచదు.

తమరి పనితనం ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. డిజిటల్ త్రాసు మీద తమరిని కూర్చోబెట్టి 130 గ్రాముల వెనిగర్ పోస్తారు. పక్కనే కాగితంలో 8.4 గ్రాముల సోడా పెట్టి, మొత్తం బరువు రాసుకుంటారు. ఇప్పుడు సోడాను లోపలికి వంచి, ఖాళీ కాగితాన్ని మళ్లీ త్రాసు మీదే పెట్టాలి. నురగ అంచు దాకా లేచి దిగుతుంది. అంకెలు మొదట గబగబా పడిపోతాయి, తర్వాత గ్రాములో వందో వంతు చొప్పున ఒక్కొక్కటే జారతాయి. తమాషా ఏమిటంటే, నురగ చల్లారాక కూడా ఆ జారుడు ఆగదు. ద్రవంలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. అది గాలి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి వచ్చిందంతా వెంటనే లేచిపోదు, కాసేపు తమరి కడుపులోనే కూర్చుని మెల్లగా అంచు దాటుతుంది. నమ్మకపోతే ద్రవం పైన ఖాళీగా కనిపించే చోటికి వెలుగుతున్న అగ్గిపుల్లను దించి చూడండి. టప్పున ఆరిపోతుంది. ఖాళీ అట!

సోడా మొత్తం చర్యలో పాల్గొంటే వచ్చే వాయువు 4.4 గ్రాములు. కొంత ద్రవంలోనే ఉండిపోతుంది కాబట్టి త్రాసు చూపే తగ్గుదల అంతకన్నా కాస్త తక్కువ. నురగ చిమ్మిన తుంపరలు బల్ల మీద పడితే ఆ ఖర్చు వేరు. ఇందులో నియమం ఎక్కడ తప్పింది? షాపు తలుపులు బార్లా తీసిపెట్టి, సాయంత్రానికి గల్లాపెట్టెలో డబ్బు మాయమైందని యజమానికి చెప్పే గుమస్తాకు, తమరికి తేడా ఏమిటి?

చిన్నపిల్లల్నే కాదు, తమరి జాతి మహామహుల్నే తిప్పలు పెట్టింది. రాబర్ట్ బాయిల్ అంతటివాడు తగరం లాంటి లోహాన్ని గాజు పాత్రలో పెట్టి, మూతి కరిగించి మూసి, బాగా వేడి చేశాడు. అంతవరకూ భేషుగ్గా ఉంది. తర్వాత మూతి పగలగొట్టాడు. గాలి బుస్సుమని లోపలికి దూరింది. అప్పుడు తూచాడు! బరువు పెరిగింది. నిప్పు కణాలు గాజులోంచి దూరి లోహంలో చేరాయని 1673లో పుస్తకమే వేశాడు. బుస్సుమన్న చప్పుడు విని కూడా గాలిని అనుమానించకపోవడం చూస్తే, తెరిచిన పాత్ర ఎంత పెద్దవాడినైనా ఎలా బురిడీ కొట్టిస్తుందో అర్థమవుతుంది. అంతకు ముందే 1630లో జాన్ రే అనే ఫ్రెంచి వైద్యుడు, ఆ పెరిగిన బరువు గాలిదేనని చెప్పాడు. ఆయన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

రసాయనవేత్త వాన్ హెల్మాంట్‌ను మాత్రం తమరు పూర్తిగా మోసం చేయలేకపోయారు. 62 పౌండ్ల ఓక్ బొగ్గు కాలిస్తే 1 పౌండు బూడిద మిగిలింది. మిగతా 61 పౌండ్లు 'పోయాయి' అని ఊరుకోకుండా, కంటికి కనిపించని రూపంలో బయటికి వెళ్లాయని ఆయన లెక్క కట్టాడు. బొగ్గుతో కలిసిన ఆక్సిజన్ సంగతి ఆయనకు తెలియదు, కాబట్టి బయటికి వెళ్లింది నిజానికి 61 పౌండ్ల కన్నా చాలా ఎక్కువ. అయినా మాయమైన సరుకు కోసం వెతకాలన్న బుద్ధి పుట్టింది చూడండి, అది గొప్ప.

ఈ లోపల ఫ్లోజిస్టన్ అనే ఊహాపదార్థం గారి హయాం వచ్చింది. మండే ప్రతి వస్తువులోనూ ఆయన ఉంటాడని, మంట అంటే ఆయన బయటికి వెళ్లిపోవడమేనని జర్మన్ రసాయనవేత్త స్టాల్ అనుచరులు నమ్మారు. కట్టె కాలితే బరువు తగ్గుతుంది, బాగానే కుదిరింది. మరి లోహం కాలితే బరువు పెరుగుతుందే? కొందరు భక్తులు తడుముకోకుండా, ఫ్లోజిస్టన్‌కు బరువు మైనస్‌లో ఉంటుందన్నారు. పాత్రకు మూత పెట్టి చూద్దామనుకోవడం కన్నా, ఒక పదార్థానికి మైనస్ బరువు అంటగట్టడమే వాళ్లకు తేలికైంది.

మూత పెట్టి తూచినవాళ్లు వచ్చాక ఆట కట్టింది. 1756లో రష్యాలో లొమొనోసోవ్, 1774లో పారిస్‌లో లావోయిజే. మూసిన పాత్రలో తగరాన్ని వేడి చేసి, తెరవకుండానే తూస్తే బరువులో తేడా లేదని లావోయిజే చూశాడు. తెరిచాకే గాలి దూరి బరువు పెరిగింది. ఆయన రసాయన శాస్త్రవేత్త మాత్రమే కాదు, రాజు తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి కూడా. జమా ఖర్చులు కలవకపోతే నిద్రపట్టని మనిషి అన్నమాట. చివరికి ఆ పన్నుల ఉద్యోగమే 1794లో ఆయన తల తీయించింది. అది వేరే కథ, అందులో తమరి ప్రమేయం లేదు.

తమరి ముఖం చూసి జనానికి పట్టుకున్న ఇంకో జబ్బు ఉంది. బుడగ కనిపిస్తే చాలు, "రసాయన మార్పు!" అని చెయ్యెత్తేస్తారు. తమరిలో నీళ్లు మరిగినా బుడగలే. అందులో ఉన్నది నీటి ఆవిరే, కొత్త పదార్థం ఏదీ లేదు. రంగు మారితే రసాయన మార్పట. తెల్లటి జింక్ ఆక్సైడ్ వేడి చేస్తే పసుపు పచ్చగా అవుతుంది, చల్లారాక మళ్లీ తెల్లగా. ముందూ తర్వాతా అది జింక్ ఆక్సైడే. అడుగున తెల్లగా ఏదైనా పేరుకుంటే అవక్షేపం అంటారు. చిక్కటి వేడి ద్రావణాన్ని చల్లారబెట్టినా స్ఫటికాలు దిగుతాయి, అవి మనం కరిగించినవే. వేడి పుట్టాలని ఇంకొందరు పట్టు. తమరి సోడా వెనిగర్ చర్యనే చేత్తో పట్టుకుని చూడండి, చల్లబడుతుంది. "వెనక్కి తిప్పలేనిదే రసాయన మార్పు" అన్నది అన్నిటికన్నా పాత పాట. పగిలిన గాజు వెనక్కి రాదు, కానీ గాజు గాజే. (ఈ ఉదాహరణకు తమరు నొచ్చుకోరాదు.) ఫోను బ్యాటరీలో రసాయన మార్పే జరుగుతుంది, రోజూ చార్జింగ్ పెట్టి వెనక్కి తిప్పుతూనే ఉన్నాం.

ఇక దీనికి తిరగబడిన కేసు చూడండి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తే ఏమవుతుంది? బుడగ లేదు, రంగు లేదు, అవక్షేపం లేదు. నీళ్లలో నీళ్లు పోసినట్టే ఉంటుంది. థర్మామీటరు పెడితే కాస్త వెచ్చబడిందని తెలుస్తుంది, లిట్మస్ ముంచితే ఆమ్లం పోయిందని తెలుస్తుంది. అక్కడ ఉప్పు, నీరు కొత్తగా తయారయ్యాయి. ఆమ్లం 36.5 గ్రాములు, హైడ్రాక్సైడ్ 40 గ్రాములు కలిపి 76.5. అటు ఉప్పు 58.5, నీరు 18 కలిపినా 76.5. హడావిడి ఏమీ లేకుండా అసలైన రసాయన చర్య జరిగిపోయింది, వాయువేదీ పుట్టలేదు కాబట్టి తమరు కూడా లెక్క చెడగొట్టలేకపోయారు. పరీక్షలో అడగాల్సింది ఇదీ! కానీ బుడగల్లేని ప్రయోగం ఎవరికి కావాలి?

బుడగలు, రంగు, వేడి అన్నీ అనుమానం పుట్టించే ఆధారాలే. కేసు తేలేది మాత్రం కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్న దాని మీదే.

మంటల విషయంలో తమరి తెరిచిన తత్వం జనం నరాల్లోకి ఎక్కేసింది. కొవ్వొత్తి "అయిపోయింది" అంటారు. 1 గ్రాము మైనం కాలడానికి దాదాపు 3.45 గ్రాముల ఆక్సిజన్ తీసుకుంటుంది. బయటికి వచ్చేది 3.12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 1.33 గ్రాముల నీటి ఆవిరి. అంటే అయిపోయిన కొవ్వొత్తి, ఉన్న కొవ్వొత్తి కన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. పెట్రోలు కూడా అంతే. లీటరు తూస్తే ముప్పావు కిలో, కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే 2.3 కిలోల దాకా. ట్యాంకు ఖాళీ అయిందని మనకు తెలుసు, నిండిందెక్కడో మీటరు చూపించదు.

కొందరు తెలివిమీరిన వకీళ్లు తమరి పక్షాన ఐన్‌స్టీన్‌ను సాక్షిగా పిలుస్తారని విన్నాను. శక్తి బయటికి పోతే ద్రవ్యరాశి కూడా తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. 16 గ్రాముల మీథేన్, 64 గ్రాముల ఆక్సిజన్‌లో మండితే పోయే వేడికి సమానమైన ద్రవ్యరాశి గ్రాములో పది కోట్లవ వంతు. తమరి దగ్గర పోయింది నాలుగు గ్రాములు. ఆ వాదన కోర్టులో నిలబడదు.

దీనిమీద ఓపికగా పనిచేసిన మనిషి జర్మనీలో హాన్స్ లాండోల్ట్. 1890ల నుంచి 1908 దాకా, మూతి కరిగించి మూసిన గాజు గొట్టాల్లో చర్యలు జరిపించి తూస్తూ కూర్చున్నాడు. ముందు చిన్న తగ్గుదల కనిపించింది. సంచలనం ప్రకటించడానికి అదే సందు. ఆయన మాత్రం ఆ తగ్గుదల వెంటపడ్డాడు. చర్య వేడికి గాజు కాస్త ఉబ్బి పాత ఆకారానికి రావడానికి టైం తీసుకుంటోందని, గాజు మీది తేమ పొర కూడా మారుతోందని తేల్చాడు. అవి సరిచేసుకుంటే తేడా మాయం. మూత ఉన్న గాజుకే అన్ని టెన్షన్లుంటే, తమరి సంగతి చెప్పాలా?

కాబట్టి ఈ కింది కోరికలు మన్నించగలరు. వాయువు వచ్చే ప్రయోగం ఉన్న రోజున తమరు సెలవు పెట్టండి. ద్రవ్య నిత్యత్వం చూపించాలంటే బిరడా ఉన్న శంఖాకార కుప్పె గారికి అవకాశం ఇవ్వండి. అందులో పొటాషియం అయొడైడ్ ద్రావణం పోసి, లెడ్ నైట్రేట్ ఉన్న చిన్న గొట్టాన్ని దారంతో వేలాడదీసి, తూచి, వంచితే పసుపు పచ్చటి అవక్షేపం పొగమంచులా దిగుతుంది, త్రాసు అంకె కదలదు. (సీసం విషం, వంపాక చేతులు కడుక్కోమనండి.) తమరు కూడా కొలువులోనే ఉండండి. బరువు ఎందుకు తగ్గిందో వెతకమని పిల్లల్ని పురమాయించాలంటే తమరిని మించినవారు లేరు. తగ్గిందని రాసినవాళ్ల మార్కులు మాత్రం కోయించకండి.

ఇట్లు
త్రాసు తరఫున, తమరి శ్రేయోభిలాషి

తా.క. తమరి బదులు కుప్పె మూతికి బెలూన్ తగిలిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తున్నారు. వాళ్ల మాట పట్టుకుని ఎగిరిపడకండి. 8.4 గ్రాముల సోడా ఇచ్చే వాయువు దాదాపు 2.4 లీటర్లు. బెలూన్ అంత ఉబ్బితే అంత గాలిని పక్కకు నెడుతుంది, లీటరు గాలి 1.2 గ్రాములు. అంటే ఏ వాయువూ బయటికి పోకపోయినా, గాలి పైకి నెట్టడం వల్ల త్రాసు రెండున్నర గ్రాముల పైనే తక్కువ చూపిస్తుంది. చిన్న మోతాదులో చేసి, గట్టి ప్లాస్టిక్ సీసాకు మరమూత బిగించి తూస్తే ఆ పేచీ ఉండదు. తర్వాత మూత కాస్త వదులు చేసి, త్రాసు వంక చూడమనండి.