సలహాయే అయినా...

హిందూ మహాసముద్రంలో బ్రిటన్ ఏలుబడిలోని చాగోస్ దీవులపై అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చింది కేవలం సలహా, కాబట్టి బ్రిటన్ వాటిని మారిషస్‌కు అప్పగించనక్కర్లేదని వ్యాసకర్త తేల్చేశారు. సలహాకు కట్టుబడాల్సిన పని లేదన్నంతవరకు నిజమే. కానీ అది దేని మీద నిలబడిందో వ్యాసంలో మచ్చుకైనా లేదు. 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందే బ్రిటన్ ఈ దీవులను దాని నుంచి విడదీసింది. వలస దేశాల ప్రాదేశిక సమగ్రతను దెబ్బతీయరాదని 1960లోనే ఐక్యరాజ్యసమితి 1514వ తీర్మానం చెప్పింది. ఆ విభజనకు మారిషస్ నాయకులు ఒప్పుకున్నారు కదా అంటారా? స్వాతంత్ర్యం ఇవ్వాల్సినవాడే ఎదురుగా కూర్చుని అడిగితే ఆ ఒప్పుకోలుకు విలువెంత? 2019లో న్యాయమూర్తులు 13-1 తేడాతో చెప్పిందీ ఇంచుమించు ఇదే. 2021లో మారిషస్, మాల్దీవుల సముద్ర సరిహద్దు వివాదంలో అంతర్జాతీయ సముద్ర చట్టాల ట్రైబ్యునల్ ప్రత్యేక విభాగం ఆ 'సలహా'నే ఆధారం చేసుకుంది!

నా అభ్యంతరం వేరే ఉంది. దీవులను మారిషస్‌కు అప్పగించేందుకు 2025 మే నెలలో రెండు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం, వాటిలో ఒకటైన డియెగో గార్సియాలోని సైనిక స్థావరాన్ని 99 ఏళ్లపాటు బ్రిటన్ చేతిలోనే ఉంచుతుంది. 1968-73 మధ్య చాగోస్ నుంచి వెళ్లగొట్టిన దీవివాసులు ఆ ఒప్పందంలో పక్షమే కాదు. మిగతా దీవుల్లో వారికి పునరావాసం కల్పించాలా వద్దా అన్నది మారిషస్ ఇష్టం. వ్యాసకర్త దీని గురించి రాసి ఉంటే బాగుండేది.