బ్రేకుకు బొట్టు

బామ్మర్ది హైదరాబాద్ నుంచి కొత్త కారులో నల్గొండ వచ్చిన రోజే నా మనశ్శాంతి పోయింది. కొత్త కారు కొన్నాడని కాదు, దాని చక్రాల వల్ల. అలాయ్ వీల్స్ సందుల్లోంచి ఎర్రగా ఏదో మెరుస్తోంది.

"క్యాలిపర్లు బావా. రంగేయించిన" అన్నాడు, పెళ్లాంకు ముక్కుపుడక చేయించినంత గొప్పగా.

బ్రేకు తొక్కగానే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపుల నుంచి ప్యాడ్లతో పిడికిట పట్టేదే క్యాలిపర్. పన్నెండేళ్ల నా కారుకూ ఉంది. ఇన్నేళ్లలో దాని మొహం నేను చూసిన పాపాన పోలేదు.

ప్రకాశం బజార్‌లో అడిగితే దుకాణపాయన గేట్లకు వేసే ఎనామిల్ డబ్బా తీశాడు. రాపిడికి అది కాలుతుంది, మామూలు రంగు పొక్కి ఊడిపోతుంది, వేడికి తట్టుకునేది కావాలన్నాను. "అయితే సైలెన్సర్లకు ఏసేది తీస్కపోండి సార్" అని వెండిరంగు చూపించాడు. వెండిరంగుతో బామ్మర్దిని గెలవగలమా? ఎర్రది ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగు చక్రాలకు లెక్కగట్టి రెండు స్ప్రే డబ్బాలు.

మే నెల ఆదివారం, ఇంకా ఎండ ముదరకముందే పని మొదలు. ముందు ప్లాస్టిక్ వీల్ క్యాపులు పీకి అరుగు మీద పెట్టాను. జాకీ ఎక్కించి, పానా పెట్టి నట్టు తిప్పితే, నట్టుతో పాటు చక్రమూ తిరుగుతోంది. నేను తిప్పుతున్నా, అది తిరుగుతోంది. ఎదురింటి రిటైర్డ్ సారు వేపపుల్ల నములుతూ చాలాసేపు చూశాడు. అది ఎంతసేపు తిరుగుతుందో చూద్దామనుకున్నాడో ఏమో.

"చక్రం నేల మీదున్నప్పుడే నట్లు వదులు చేసుకోవాలె" అన్నాడు చివరికి, పుల్ల ఉమ్మేసి.

మళ్లీ జాకీ దించి, పానా మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడితే నట్లు కదిలాయి. చక్రం ఊడదీశాక క్యాలిపర్ దర్శనమైంది. పన్నెండేళ్ల తుప్పు, బ్రేకు పొడి, పొరలు పొరలుగా ఎర్రమట్టి. వైరు బ్రష్షుతో గంటసేపు గీకితే గానీ లోపలి ఇనుము బయటపడలేదు. డిస్కుకు పేపరు చుట్టి టేపు వేశాను. రబ్బరు తొడుగులకూ టేపే. బ్రేక్ ఆయిల్లో గాలి తీసే చిన్న నిపుల్ ఒకటుంటుంది, దాన్నీ మూశాను. అది రంగుతో పూడుకుపోతే రేపు మెకానిక్ నా ఏడు తరాలను తలుచుకుంటాడు.

ఇన్ని మూసినవాణ్ణి, మంచం మీదివి మూయడం మరిచాను. అమ్మ మామిడికాయ ఒరుగులు ఎండబోసింది అక్కడ. నేను స్ప్రే నొక్కడం, గాలి దుమారం లేవడం ఒక్కసారే జరిగాయి.

"కారం గిప్పుడే ఎందుకు చల్లినవ్‌రా?" అంది అమ్మ, ఒక ముక్క చేతిలోకి తీసుకుని. నోట్లో పెట్టుకోకముందే పరుగెత్తి గుంజుకున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో ఒరుగుల పప్పు లేదు. ఆ మాట ఇప్పటికీ వారానికోసారి వింటున్నాను.

ముందు రెండూ అయ్యాయి. వెనక చక్రం విప్పితే క్యాలిపర్ లేదు! గంజు బోర్లించినట్టు ఇనప డ్రమ్ము ఒకటి ఉంది. అక్కడ డిస్కే లేదట, డ్రమ్ బ్రేకులట. ఎదురింటి సారుకు ఇదీ తెలుసు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలె గద" అన్నాడు.

మిగిలిన డబ్బాను అమ్మ వృథా పోనివ్వలేదు. మూతలోకి కొట్టించుకుని, వేలు ముంచి గడపకు వరసగా బొట్లు పెట్టింది. బ్రేకు వేడికి ఆగే బొట్లు. మూడేళ్లయినా చెక్కు చెదరలేదు.

సాయంత్రం గల్లీలోనే మెల్లగా నడిపి చూశాను. బ్రేకు తొక్కితే కీచుమంది, పైగా కమురు వాసన. నడిపించుకుంటూ సందు చివరి మెకానిక్ దగ్గరికి పోతే చక్రం విప్పి తల పట్టుకున్నాడు. గాలికి పేపరు లేచినట్టుంది, డిస్కు అంచున ఎర్రటి చార. "రంగు మీద బ్రేకు పట్టదు సార్. ఇట్లనే రేపు చెర్వుగట్టు గుట్ట మీది గుడికి పోదామనుకున్నరా?" అనుకున్నాం మరి, మర్నాడు అమావాస్య. డిస్కు తుడిచి, ప్యాడ్లు గరుకు కాగితంతో రుద్ది ఐదు వందలు తీసుకున్నాడు. క్యాలిపర్లు ఎట్లున్నాయని అడిగాను. "ఎరుపే" అన్నాడు.

ఇంటికొచ్చి బామ్మర్దికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మన్నాను.

వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. "ఏది బావా?"

అప్పుడు చూశాను. అరుగు మీది వీల్ క్యాపులు మా ఆవిడ శుభ్రంగా కడిగి, నాలుగింటినీ గట్టిగా నొక్కి బిగించింది. పీకి చూపించాను. కింద ఉన్నవి నల్లటి ఇనుప రిమ్ములు, వాటికి బొటనవేలంత బెజ్జాలు.

బామ్మర్ది ఫోన్ టార్చి వేసి, చక్రం పక్కన గొంతు కూర్చుని ఒక కన్ను మూశాడు. "జర ముందుకు జరుపు బావా, బెజ్జం కలుస్తలేదు. ఆ... ఆ... ఎక్కువైంది, ఎనక్కి."

అమ్మ వాకిట్లోకి వచ్చి వాడి పక్కనే వంగింది.

"ఏం పోయింది బిడ్డా అండ్ల?"