ఏ శృతి ట్యూబా కొనాలి?

తిరుపతిలో పెళ్లి బ్యాండ్లకు వాయించే కుర్రాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నారు: అన్నా, ట్యూబా (బ్యాండులో అందరికన్నా కింది స్థాయిలో పలికే పెద్ద ఇత్తడి బాకా) ఏ శృతిది తీసుకోవాలి?

ట్యూబాలు ముఖ్యంగా నాలుగు శృతుల్లో ఉంటాయి. మన కట్టై లెక్కలో బి ఫ్లాట్ (B♭) ఆరున్నర, సి (C) ఒకటి, ఈ ఫ్లాట్ (E♭) రెండున్నర, ఎఫ్ (F) నాలుగు. గొట్టం సాగదీసి కొలిస్తే బి ఫ్లాట్‌ది దాదాపు 18 అడుగులు, ఎఫ్‌ది 12. పెద్దదానికి ఊపిరి ఎక్కువ కావాలి. చిన్నది పై స్థాయిలో తేలిగ్గా పలుకుతుంది. మన బ్యాండ్లకు బి ఫ్లాట్ చాలు. పక్కన వాయించే ట్రంపెట్, క్లారినెట్ కూడా మామూలుగా ఆ శృతివే.

అసలు చిక్కు వేరే శృతిది రెండో ట్యూబా కొన్నాకే మొదలవుతుంది. గోవిందరాజస్వామి ఊరేగింపులో తిమిరి (పొట్టి, హెచ్చు శృతి) నాదస్వరం పక్కన పెట్టి బారి (పొడుగు, తగ్గు శృతి) అందుకునే విద్వాంసుడికి వేళ్లు మారవు. శృతి మారుతుంది, పక్కవాళ్లు దానికి సర్దుకుంటారు. బ్యాండ్ అలా సర్దుకోదు, కాబట్టి ట్యూబా మారితే మన వేళ్లే మారాలి. ఆరున్నర శృతిలో పాట నడుస్తుంటే, కింది స్థాయి మధ్యమానికి బి ఫ్లాట్ ట్యూబాలో మొదటి వాల్వ్ (స్వరం మార్చే మీట) నొక్కాలి. ఈ ఫ్లాట్ ట్యూబాలో అదే స్వరం ఏ వాల్వూ నొక్కకుండా వస్తుంది.

రెండు నెలలు ఈ ఫ్లాట్ ట్యూబా వాయించి మళ్లీ పాతదానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఊరేగింపు మధ్యలో మధ్యమం దగ్గర వేలు కదల్లేదు, పంచమం పలికింది. ట్రంపెట్ అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ బాధే.

బ్రిటన్ బ్రాస్ బ్యాండ్లలో ఈ ఇబ్బంది లేదు. కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) నుంచి ట్యూబా దాకా ఒకే వేళ్లు సరిపోయేలా నొటేషన్ రాస్తారు. మనవాళ్లు చాలామంది కాగితం చూడరు, విని నేర్చుకుంటారు. పాట వేళ్లలోనే ఉంటుంది. అందుకే మొదటిది గట్టిపడకుండా రెండోది పట్టుకుంటే రెండూ చెడతాయని నా గట్టి అభిప్రాయం.

రెండూ ఉన్నవాళ్లు ఒకే కీర్తనను ఒకే రోజు రెండింటి మీదా వాయించాలి, ముందు నిదానంగా, స్వరం పేరు మనసులో అనుకుంటూ. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు, వాయిద్యం మూలన పడుతుంది. ముందు పెదవి బలం పోతుంది, తర్వాత ఊపిరి. ఆ రోజుల్లో కూడా పొద్దున్నే అరగంట దీర్ఘ స్వరాలు పట్టేవాడైతే రెండోది నిశ్చింతగా కొనుక్కోవచ్చు. లేదంటే ఆ డబ్బుతో ఉన్నదాని వాల్వులు బాగుచేయించుకోవాలి.