మూడు చపాతీల అనుభవంతో చెబుతున్నాను

తెలుగువాడికి గోధుమ ముందు రంగుగా పరిచయమవుతుంది, ఆ తర్వాతెప్పుడో తిండిగా. పెళ్లి ప్రకటనలో పిల్లది గోధుమ వర్ణం. గడ్డివాము దగ్గర బుస కొట్టింది గోధుమ త్రాచు. మొక్క ఎలా ఉంటుందంటే మాత్రం ఆదిలాబాద్ వైపు వాళ్లను అడగాల్సిందే. మిగతా మనమంతా శనివారం రాత్రి గోధుమరవ్వ ఉప్మాతో సరిపెట్టుకున్నవాళ్లం.

నా సంగతి వేరు. పన్నెండేళ్ల కిందట షుగర్ వచ్చింది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నారు డాక్టరు గారు. అప్పటి నుంచి రోజుకు మూడు. పైన రెండు ముద్దలు పెరుగన్నం కూడా ఉంటుంది గానీ అది లెక్కలోకి రాదు. పన్నెండేళ్లంటే 4,383 రాత్రులు, 13 వేల పైచిలుకు చపాతీలు. ఇంత అనుభవం పెట్టుకుని గోధుమ రైతు సవాళ్ల మీదా అవకాశాల మీదా నోరు మెదపకపోతే దేశానికి ద్రోహం చేసినట్టే. గోధుమ చేను ఎన్నడూ తొక్కనివాడివి నీకెందుకయ్యా అంటారేమో. ఈ విషయం మీద మైకు పట్టుకునే పెద్దల్లో ఎంతమంది తొక్కారో ముందు కనుక్కుని, అప్పుడు నా దగ్గరికి రండి.

ముందుగా అవకాశాలు. సవాళ్లతో మొదలుపెడితే భోజనాల వేళకు అవకాశాలదాకా రాలేమని సదస్సులకు వెళ్లేవాళ్లకు తెలుసు.

గోధుమ రైతుకు అవకాశం వచ్చిన సంవత్సరం 2022. అది మామూలు సంవత్సరం కాదు. 2022 నాటికి రైతు ఆదాయం రెట్టింపు కావాలన్నది తన కల అని 2016 ఫిబ్రవరిలో బరేలీ సభలో ప్రధానమంత్రి చెప్పి ఉన్నారు. రైతు క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాడు. సరిగ్గా ఆ ఏడు ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడింది. నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోయాయి, ప్రపంచమంతా గోధుమ ధర ఎగబాకింది. మద్దతు ధర క్వింటాలుకు 2,015 రూపాయలుంటే, అంతకంటే ఎక్కువిస్తామంటూ వ్యాపారులే రైతును వెతుక్కుంటూ వచ్చారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకోవాలే గానీ లోకానికి తిండి పెట్టడానికి మేం సిద్ధమని ఏప్రిల్‌లో మనవాళ్లు అమెరికా అధ్యక్షుడికి కబురు కూడా చెప్పారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేలో ఏం జరుగుతోందో ఎవరూ తొంగి చూడలేదు. ఆ మార్చి నెల 1901 తర్వాత దేశం చూసిన అత్యంత వేడి మార్చి. గోధుమ గింజ పాలు పోసుకునే దశలో చల్లదనం కోరుతుంది. వడగాలి తగిలితే పాలు గట్టిపడకముందే గింజ ముడుచుకుపోతుంది. వెన్ను నిండుగానే కనిపిస్తుంది, కాటా మీదకెక్కితే బరువు తూగదు.

అయినా మన దౌత్యం ఆగలేదు. మొరాకో, ట్యునీషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వగైరా తొమ్మిది దేశాలకు మన గోధుమ అమ్మడానికి ప్రతినిధి బృందాల్ని పంపుతామని 2022 మే 12న కేంద్రం ప్రకటించింది. మే 13న గోధుమ ఎగుమతిని నిషేధించింది. బృందం సభ్యులు సూట్‌కేసు సర్దుకునే వ్యవధి కూడా లేదు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలు కదలదని నిందించేవాళ్లు ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన రాసుకుని గోడకు అంటించుకోవాలి.

నిషేధానికి కారణం ఉంది, కాదనను. రైతు మంచి ధరకు బయట అమ్ముకున్నాడు కాబట్టి ప్రభుత్వ గోదాముకు రాలేదు. అంతకుముందు ఏడాది 433 లక్షల టన్నులు కొన్న సర్కారుకు ఆ ఏడు 188 లక్షలే దొరికాయి. రైతుకు మంచి ధర రావడం వల్ల వచ్చిన ప్రమాదం కాబట్టి, మంచి ధర రాకుండా చూడటమే నివారణ. రోగ నిర్ధారణ, వైద్యం రెండూ ఒకే చీటీ మీద రాసిన ఘనత ఇది. అదే మే నెలలో, ముడుచుకున్న గింజ 6 శాతం దాటితే కొనకూడదన్న నిబంధనను పంజాబ్, హర్యానాల్లో 18 శాతానికి సడలించారు. ఎండ ఎలాగూ నిబంధన మాట వినలేదు, కనీసం నిబంధన ఎండ మాట వింది. మన వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తరుగు కింద బస్తాకు కిలోల లెక్కన కోత పెట్టించుకున్నవాళ్లకు ఈ సడలింపు విలువ తెలుస్తుంది.

తర్వాతి కథ క్లుప్తంగా. నిషేధం 2023లోనూ ఉంది, 2024లోనూ ఉంది. 2023 జూన్‌లో వ్యాపారుల నిల్వల మీద పరిమితి పెట్టారు, పదిహేనేళ్లలో మొదటిసారి. గోదాముల్లోని గోధుమను బజారులోకి వదిలారు. నవంబరులో కిలో 27 రూపాయల 50 పైసలకు భారత్ ఆటా పేరిట గోధుమపిండి తెచ్చారు. ఇవన్నీ నా కోసమే చేశారు. నా మూడు చపాతీల ధర పెరగకుండా కాపాడటానికి ఒక దేశం ఇంత కష్టపడిందని తలచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. రైతు కూడా చపాతీ తింటాడు కదా, ఆ రకంగా ఆయనకూ లాభమే.

నేను ధరల విషయంలో కఠినుణ్ణని అనుకోవద్దు. సూపర్‌మార్కెట్లో పాతకాలపు రకమైన ఖప్లి గోధుమపిండి అని అందమైన సంచీలో మామూలు పిండికి ఎన్నో రెట్లు ధర పెట్టి ఉంటుంది. బేరమాడకుండా కొంటాను. సంచీ మీద రైతు బొమ్మ ఉంటుంది, నవ్వుతూ. 2026-27 సీజనుకు గోధుమ మద్దతు ధర క్వింటాలుకు 2,585 రూపాయలు, కిలోకు 26 కన్నా తక్కువే. మరి ఆ బొమ్మలోని మనిషి దేనికి నవ్వుతున్నాడో మా ఆవిడ అడిగింది. ఫొటో తీసేవాడు నవ్వమనుంటాడన్నాను.

ఇక సవాళ్లు. ఇక్కడ నా పరిజ్ఞానం కాస్త పలచబడుతుంది కాబట్టి ఒక సంఘటన చెబుతాను.

ఆ మధ్య నవంబరులో మా అత్తవారి ఊరు వెళ్లాను, జనగామ దగ్గర. వరి కోతలు. మన వరిని ఇప్పుడు చాలాచోట్ల పంజాబ్ నుంచి వచ్చిన హార్వెస్టర్లే కోస్తాయి కదా. బండి మీదున్నాయన సంగ్రూర్ జిల్లా నుంచి వచ్చాడట, ఆరు కిల్లాల పొలం ఉందట. కిల్లా అంటే ఎకరమే. గోధుమ రైతు చేతికి చిక్కాడు, వదులుతానా? చెట్టు కింద టీ తాగుతుంటే పక్కన చేరి, నాకొచ్చిన హిందీలో జ్ఞానోపదేశం మొదలుపెట్టాను.

"సర్దార్జీ, మార్చి ఎండలు ముదురుతున్నాయి. కర్నాల్ గోధుమ పరిశోధన కేంద్రం వాళ్లు వేడిని తట్టుకునే రకాలు తెచ్చారు. నవంబరు దాకా ఆగకుండా అక్టోబరులోనే విత్తేయండి, ఎండ ముదిరేలోపు గింజ గట్టిపడుతుంది."

ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు. "నిజమే బాబూజీ. ముందు విత్తాలంటే వరి ముందు కోయాలి. ముందు కోయాలంటే ముందు నాటాలి. భూగర్భజలం అయిపోతోందని, జూన్ దాకా నాటకూడదని 2009లో చట్టం చేశారు. వరి కోసేసరికి గోధుమ విత్తడానికి పదిహేను, ఇరవై రోజులుంటాయి. ఆ లోపు గడ్డి తియ్యాలి. తియ్యడానికి మనుషుల్లేరు, మిషన్లకు డబ్బుల్లేవు. అగ్గిపెట్టె రెండు రూపాయలకొస్తుంది."

"తగలబెడితే ఢిల్లీకి పొగ పోతుంది కదా!"

"పోతుంది. మా ఊరి మీదుగానే పోతుంది."

వరి మానెయ్యమన్నాను. మానేస్తే వేరేది ఏదైనా అంత ఖాయంగా ఎవరు కొంటారో కనుక్కుని చెప్పమన్నాడు. ఈలోగా కలుపు సంగతి వచ్చింది. గోధుమ చేలలో గుల్లీదండా అని ఒక గడ్డి ఉందట. పేరు వినగానే మన బిళ్లంగోడు ఆట గుర్తొచ్చి నవ్వాను, ఆయన నవ్వలేదు. వెన్ను వేసేదాకా అచ్చం గోధుమ మొక్కలానే ఉంటుంది. గోధుమకు వేసిన ఎరువు తింటుంది, గోధుమకు పెట్టిన నీళ్లు తాగుతుంది, మందు కొడితే కొన్నాళ్లకు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. మన వరిలో ఊద లాంటిదన్నమాట. ఇటువంటి లక్షణాలున్నవాళ్లను నేను వ్యవసాయ సదస్సుల్లో ముందు వరుసలో చూశానని చెబుదామనుకున్నాను గానీ హిందీ సరిపోలేదు.

పసుపురంగు కుంకుమ తెగులు గురించి కూడా ఏదో చెప్పాడు. పసుపూ కుంకుమా రెండూ వినిపించేసరికి ఏదో శుభకార్యమనుకుని అభినందించాను.

చివర్లో ఒకటే అడిగాడు. "బాబూజీ, మీకు ఎన్ని కిల్లాలు?" మూడు చపాతీలన్నాను. అర్థం కాలేదో, అర్థమైందో, లేచి బండెక్కాడు.

ఎరువుల దగ్గరికొద్దాం. యూరియా ధర పెరిగిందని ఎవరూ అనలేరు. బస్తా మాత్రం ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టింది. 50 కిలోలుండేది 2018లో 45 అయింది. రైతు కిలోల్లో కాదు, బస్తాల్లో లెక్కేస్తాడు కాబట్టి బస్తా తగ్గిస్తే వాడకం తగ్గుతుందని పెద్దల ఆలోచన. తర్వాత గంధకం పూసిన యూరియా గోల్డ్ వచ్చింది. 45 కిలోల వేపపూత బస్తా 266 రూపాయల 50 పైసలైతే, 40 కిలోల ఈ బంగారపు బస్తా కూడా అంతే. నాకు షుగర్ వచ్చాక పన్నెండేళ్లలో తగ్గని బరువు బస్తా ఆరేళ్లలో తగ్గించుకుంది. యూరియా కోసం చెప్పులూ పట్టాదారు పాస్‌బుక్కులూ వరుసలో పెట్టి, చెట్టు నీడన కూర్చునే మన రైతులకు దీని రహస్యం తెలిసే ఉంటుంది. వరుస ఎంత పొడుగైతే బస్తా అంత నాజూకు.

సాంకేతిక పరిజ్ఞానం రైతు దాకా పోవడం లేదని ఇంకో ఫిర్యాదు. ఇది శుద్ధ అబద్ధం. స్వయం సహాయక సంఘాల మహిళలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకానికి 2023 నవంబరులో ఆమోదం తెలిపారు. మరుసటి ఫిబ్రవరి కల్లా పంజాబ్ రైతులకు డ్రోన్ సేవలు అందాయి కూడా. పంజాబ్, హర్యానాల మధ్య శంభు సరిహద్దులో, ఢిల్లీకి బయల్దేరిన రైతుల నెత్తిన, ఆకాశం నుంచి నేరుగా. కాకపోతే చల్లింది బాష్పవాయువు.

ఆ వారం తేదీలు కూడా రాసుకోదగ్గవే. 2024 ఫిబ్రవరి 9న వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌కు భారతరత్న ప్రకటించారు. అదే రోజు మన పి.వి. నరసింహారావుకూ, చరణ్‌సింగ్‌కూ. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం తెప్పించి, 1964-65లో 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడిని ఇవాళ దాదాపు పది రెట్లు చేసిన కథలో స్వామినాథన్‌ది పెద్ద పాత్ర. సరిగ్గా నాలుగు రోజులకు, ఫిబ్రవరి 13న, ఆయన అధ్యక్షతన పనిచేసిన కమిషన్ చెప్పిన ధర ఇవ్వండని అడిగినవాళ్లకు శంభులో ఆ సత్కారం జరిగింది. మహానుభావుల్ని గౌరవించేటప్పుడు వాళ్లు చెప్పింది వినకూడదన్నది మన సంప్రదాయం. వింటే ఆయన మామూలు మనిషైపోడూ?

ఇంతకీ గొడవ ఎక్కడంటే, ఖర్చు లెక్క దగ్గర. విత్తనం, ఎరువు, డీజిలు, కూలీ, ఇంటిల్లిపాది చాకిరీ కలిపి దాని మీద సగం చేర్చి ఇస్తున్నామంటుంది ప్రభుత్వం. సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా కలపాలంటారు రైతులు, స్వామినాథన్ కమిషన్‌ను చూపించి. ఈ విషయంలో నేను ప్రభుత్వం పక్షాన నిలబడుతున్నాను. సొంత పొలానికి కౌలేమిటి? అమ్మ వండి పెడితే బిల్లు వేస్తుందా? మా అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండో కారు పెట్టుకుంటే అద్దె అడిగినప్పుడు కూడా నేనిదే వాదించాను. అక్కడ ఓడిపోయాను, అది వేరే సంగతి.

రైతుల మీద శీతకన్ను ఒక్క పార్టీదే అనడం కూడా అన్యాయం. 2025 మార్చి 19న శంభులోనూ, అదే సరిహద్దులోని ఖనౌరీలోనూ రైతుల గుడారాల్ని ఎత్తేయించింది పంజాబ్ పోలీసులు. అక్కడున్నది కేంద్రంలో ఉన్న పార్టీ కాదు. జాతీయ సమైక్యత ఎక్కడైనా మిగిలి ఉందంటే ఇలాంటి చోట్లే.

అసలైన అవకాశం మాత్రం ఆ ఏడాదే ఆగస్టులో వచ్చింది. నదులు పొంగి పంజాబ్ పొలాల్ని ముంచేశాయి. నీళ్లు తీసేసరికి, గోధుమ విత్తాల్సిన నేల మీద ఇసుక మేటలు. రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ఒక విధానం ప్రకటించింది. జిస్‌దా ఖేత్, ఉస్‌దీ రేత్. ఎవరి పొలమో వాళ్లదే ఇసుక. తవ్వి అమ్ముకోవచ్చు, అనుమతి అక్కర్లేదన్నారు.

తెలుగువాళ్లకు ఇసుక విలువ చెప్పాలా? గోదావరి ఒడ్డునా కృష్ణ ఒడ్డునా దాన్ని నమ్ముకుని ఎమ్మెల్యేలైనవాళ్లున్నారు, దానివల్ల మాజీలైనవాళ్లూ ఉన్నారు. గోధుమతో పోల్చి చూడండి. ఇసుకకు విత్తనం వద్దు, యూరియా వద్దు, తెగులు రాదు. మార్చి ఎండకు ముడుచుకుపోదు. ఇసుకలోంచి నూనె తీయొచ్చని పెద్దలు ఊరికే అనలేదు, ప్రయత్నిస్తే పిండి కూడా వస్తుందేమో. ఎకరాకు ఎన్ని లారీలు దిగుబడి, దానికి మద్దతు ధర ఎంత, తేమ శాతం ఎవరు కొలుస్తారు అన్నవి సదస్సు వాళ్లు తేల్చాలి. ఎగుమతి మాత్రం ఎవరూ తలపెట్టవద్దని నా సలహా. సంగతి తెలిస్తే మరుసటి రోజే నిషేధిస్తారు.

ఇవన్నీ రాసి ముగిద్దామనుకుంటుండగా మొన్న పరీక్షలు చేయించుకున్నాను. షుగర్ తగ్గలేదు. డాక్టరు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, చపాతీకీ అన్నానికీ పెద్ద తేడా ఏం లేదండీ, జొన్నరొట్టె తినండి అన్నారు. పన్నెండేళ్ల తర్వాత.

కాబట్టి గోధుమ రైతుకు ఇదే నా చివరి సలహా. జొన్న రైతు సవాళ్లు, అవకాశాల మీద వచ్చే వారం రాస్తాను. ఒక్క నాలుగు రోజులు ఓపిక పట్టమనండి, ఇంట్లో రొట్టె తట్టడం ఇంకా కుదరడం లేదు. పెనం మీద వేయబోతుంటేనే విరిగిపోతోంది.