ఎవరు దించారో చెప్పని మరణవార్త

'మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి'. ఇలాంటి హెడ్డింగ్ మనకు కొత్త కాదు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివి పేజీ తిప్పేశాక తప్పంతా విషవాయువుదే అనిపిస్తుంది. వాళ్లను లోపలికి దించిన కాంట్రాక్టరు, పని అప్పజెప్పిన అధికారి, ఇవ్వాల్సిన మాస్కు, ఆక్సిజన్ సిలిండర్ ఆ వాక్యంలో ఎక్కడా కనిపించవు.

పేపర్లను మాత్రమే అని లాభం లేదు. 2021లో పార్లమెంటులో అడిగితే, చేతులతో పాకీపని చేస్తూ చనిపోయినట్టు సమాచారం లేదని కేంద్రం చెప్పింది. మరి డ్రైనేజీల్లో పోయినవాళ్ల సంగతేంటంటే, అవి 'ప్రమాదకరంగా మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తుండగా' జరిగిన మరణాలట! పద్దు మారింది, లెక్క సున్నా అయింది. ఈ రెండు పనులనూ నిషేధించింది 2013 నాటి ఒకే చట్టం. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఏ పద్దులో రాశారో ఆ ఇంటివాళ్లకు అనవసరం. సర్కారుకు మాత్రం చాలా అవసరం.

చావును మెత్తగా చెప్పడం మనకు అలవాటే. కాలం చేశారంటాం, పరమపదించారంటాం, ప్రభువునందు నిద్రించారని ఫ్లెక్సీ కడతాం. దీపం ఆరిపోయిందనడానికే నోరు రాక కొండెక్కిందంటాం. ఇంట్లో ఆ మెత్తదనం ఓదార్పు. అదే మెత్తదనం పోలీసు ప్రెస్‌నోట్‌లోకి, అక్కడి నుంచి వార్తలోకి దిగితేనే చిక్కు.

'పరువు హత్య' సంగతి ఇంకా దారుణం. ఎవరి పరువు? కూతురు పెళ్లి చేసుకున్నవాణ్ని చంపించిన తండ్రిది. అంటే హంతకుడు చెప్పుకున్న కారణాన్నే మనం పేరుగా పెట్టేశాం. 'కుల హత్య' అని రాసేవాళ్లు ఉన్నారు, నా ఓటు దానికే.

మాట మారిస్తే ఏమవుతుందని అడిగేవాళ్లు వరకట్న చట్టం చూడాలి. ఒకప్పుడు కోడలు కాలి చనిపోతే 'స్టవ్ పేలి మృతి' అనేవారు. 1986లో శిక్షాస్మృతిలో 304బి సెక్షన్ చేర్చారు. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోయి, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే దాన్ని 'వరకట్న మరణం'గానే పిలవాలని రాశారు. అది ఉత్త పేరు కాదు. ఆ రెండూ రుజువైతే, ఆ చావుకు కారణం తాము కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత అత్తింటివాళ్ల మీద పడుతుంది. శిక్షాస్మృతి బదులు వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయసంహితలో అదే 80వ సెక్షన్.

పేపరు డెస్కులో కూర్చుని హెడ్డింగులు పెట్టేవాళ్లకూ ఒక ఇబ్బంది ఉంది, కాదనను. కేసు తేలకముందే 'చంపారు' అని రాస్తే మర్నాడు లీగల్ నోటీసు వస్తుంది. పైగా సింగిల్ కాలమ్‌లో మూడు మాటల కంటే పట్టవు. సరే, చంపారని రాయొద్దు. 'మాస్కు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దించారు, ఇద్దరు చనిపోయారు' అని రాయడానికి మాత్రం ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. రిపోర్టరు అక్కడికి వెళ్లి, ఎవరు దించారని అడిగితే చాలు.