చిన్న సినిమాకు వాటా పద్ధతే దిక్కు

దుక్కిపాటి మధుసూదనరావు 1951లో అన్నపూర్ణ పిక్చర్స్ మొదలుపెట్టారు. దర్శకుడు కె.వి.రెడ్డి కోసం ఆగడంతో తొలి చిత్రం 'దొంగరాముడు' 1955లో గానీ రాలేదు. ఇవాళ ఓ చిన్న సంస్థ యాభై లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అలా ఆగితే నెలకు లక్ష చొప్పున నాలుగేళ్లకు 48 లక్షలు. దాదాపు అసలంత!

'దొంగరాముడు'ను పంపిణీ చేసింది నవయుగ ఫిలిమ్స్. విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ ఆఫీసులు బాక్సులు పంపడంతో సరిపెట్టుకోలేదు. ఒక ప్రాంతంలో సినిమా ఆడించే ఏరియా హక్కుల మీద నిర్మాతకు అడ్వాన్సును విడతలుగా ఇచ్చేవి, వసూళ్లలో ముందు ఆ డబ్బు, తర్వాత కమీషన్ పట్టుకుని, మిగిలిన ఓవర్‌ఫ్లో నిర్మాతకు పంపేవి. ఆ అడ్వాన్సు ఇచ్చేవాడు కథ వినేవాడు, బడ్జెట్ అడిగేవాడు. ఇప్పుడు పేరున్న హీరో లేని సినిమాను కృష్ణా, గుంటూరు ఏరియాలకు ముందే కొనేవారు అరుదు. కమీషన్ మీద ఆడిస్తామంటారు, నష్టమొస్తే అది పూర్తిగా నిర్మాతదే.

అసలు దెబ్బ థియేటర్ అద్దె దగ్గర పడుతోంది. లెక్క కోసం గుంటూరులో ఒక హాలు వారం అద్దె లక్షన్నర, టికెట్ వంద రూపాయలు అనుకుందాం. రోజుకు నాలుగు ఆటలు, ఆటకు 60 మంది వస్తే వారానికి 1,680 టికెట్లు. 5 శాతం జీఎస్టీ పోతే చేతికొచ్చేది సుమారు లక్షా అరవై వేలు. అద్దె కడితే మిగిలేది పదివేలు. డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు, పోస్టర్లకే అది చాలదు. అదే అద్దె బదులు వసూళ్లలో హాలుకు సగం వాటా అయితే నిర్మాతకు ఎనభై వేలు వచ్చేవి. ఆటకు 60 మంది అంటే చిన్న సినిమాకు తక్కువేం కాదు. జనం వచ్చినా నిర్మాత మునిగిపోయే ఏర్పాటిది.

ఇక శుక్రవారం విడుదలకు ముందు గురువారం రాత్రి గండం. ఫిల్ము రోజుల్లో నెగటివ్ ల్యాబులో ఉండేది, ఫైనాన్షియర్ క్లియరెన్స్ లేనిదే ప్రింట్లు కదిలేవి కావు. ఇప్పుడు సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ హాలుకు చేరినా, బాకీ తీరక దాన్ని తెరిచే డిజిటల్ కీ రాకపోతే బొమ్మ పడదు. షూటింగ్ బడ్జెట్ దాటినప్పుడల్లా పబ్లిసిటీకి పక్కన పెట్టిన సొమ్ములోంచి తీసుకోవడమే చాలాసార్లు దీనికి మూలం. చివరి వారంలో పోస్టరుకూ డబ్బుండదు, బాకీకీ ఉండదు. ఓటీటీ డబ్బుతో తీరుద్దామన్నా, అది తరచూ డెలివరీ తర్వాత విడతలుగా వస్తుంది. రచయిత నుంచో సంగీత దర్శకుడి నుంచో హక్కుల బదిలీ పత్రం లేకపోతే ఆ విడతా ఆగుతుంది.

నిర్మాతలు చేయగలిగినవి రెండున్నాయి: విడుదల సొమ్ముకు వేరే ఖాతా, షూటింగ్‌కు ముందే అందరి సంతకాలు. అద్దె మాత్రం వాళ్ల చేతిలో లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, కనీసం మొదటి వారమైనా చిన్న సినిమాలకు వాటా పద్ధతికి ఒప్పుకోవాలి. హాలు కరెంటు, జీతాల ఖర్చును ముందుగా మినహాయించుకుని మిగిలింది చెరిసగం పంచుకున్నా సరే.