సవరణ: పారిస్ ఇంట్లో పింగాణీ

బ్రిటన్ కుండల కళాకారుడు ఎడ్మండ్ ద వాల్ 2021లో పారిస్‌లోని నిసిం ద కామోండో మ్యూజియంలో తన పింగాణీ కళాకృతులు పెట్టారని మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి, క్షమించాలి.

1935లో చనిపోయింది కొడుకు నిసిం కాదు, ఆ ఇంటి యజమాని, అందులోని పాత కళావస్తువులు సేకరించిన తండ్రి మొయిజ్. కొడుకు 1917లోనే మొదటి ప్రపంచ యుద్ధంలో, విమాన పోరులో చనిపోయాడు. ఆ ఇల్లు అతని పేరునే మ్యూజియం అయింది.

రెండోది నా ఊహ: కుండల కోసం పాత సామాను పక్కకు జరిపారన్నాను. సేకరణ అంతా ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్నది మొయిజ్ షరతు. వంటింట్లో రాగి గిన్నెలు కూడా ఇప్పటికీ వరసగా అలాగే ఉంటాయి. అంటే సర్దుకోవాల్సింది కొత్త పింగాణీయే. సొంతింట్లోనే సోఫా జరిపితే మా అమ్మ ఊరుకోదు, మరి అక్కడ!